పసిపిల్లల్లో షుగర్ పడిపోతే

నాలుగేళ్ల పాపకు పొద్దున్నే రెండు యూనిట్ల ఇన్సులిన్ వేశారు. రోజూ తినేది రెండు ఇడ్లీలు. ఆ రోజు ఒక ఇడ్లీలో సగం తిని "వద్దు" అని మూతి తిప్పేసుకుంది. అమ్మ బతిమాలింది, నాన్న ఫోన్‌లో బొమ్మలు పెట్టి చూపించాడు. ఊహూఁ. పాప అలిగిందని ఒంట్లోకి వెళ్లిన ఇన్సులిన్‌కు తెలియదు. దాని పని అది చేసుకుపోతుంది. గంట, గంటన్నర తిరిగేసరికి పాప నుదుటి మీద చెమట, ముఖంలో నెత్తురుచుక్క లేదు.

టైప్ 1 మధుమేహం ఉన్న చిన్నపిల్లల ఇళ్లలో ఇది మామూలుగా జరిగే సంగతే. "షుగర్ డౌన్ అయింది", "లో అయింది" అంటారు. పెద్దవాళ్ల షుగర్ జబ్బులో ఎప్పుడూ వినిపించేది పెరగడం గురించే కాబట్టి, తగ్గడం ప్రమాదమంటే చుట్టాలకు ఓ పట్టాన ఎక్కదు. కన్నవాళ్లకు మాత్రం అదే కునుకు పట్టనివ్వని భయం. పిల్లవాడు ఫిట్స్‌తో కొట్టుకోవడం ఒక్కసారి చూసిన తల్లి, ఆ తర్వాత మీటర్‌లో 250 కనిపిస్తే తప్ప నిశ్చింతగా పడుకోలేదు. ఆమెను తప్పుపట్టడానికి లేదు. కానీ ఆ 250 కూడా పిల్లవాడికి మంచిది కాదు. లో ఎలా ఉంటుందో, ఎంత చక్కెరతో సరిపోతుందో, ఎందుకు వచ్చిందో ఇంట్లో అందరికీ తెలిసిననాడు ఆ భయం తగ్గుతుంది. భయం తగ్గితే షుగర్‌ను కావాలని పైన ఉంచాల్సిన అవసరమూ తగ్గుతుంది.

ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో రక్తంలోని చక్కెర తగ్గుతోందనగానే క్లోమం ఇన్సులిన్ వదలడం ఆపేస్తుంది. టైప్ 1 పిల్లల్లో క్లోమం ఆ పని చేయలేదు; సూదితో ఇచ్చిన ఇన్సులిన్‌ను వెనక్కి తీసుకునే దారీ లేదు. పైగా పసివాళ్ల విషయంలో కొలతలన్నీ మరీ చిన్నవి. పన్నెండు కిలోల పిల్లకు రోజు మొత్తానికి కలిపి ఎనిమిది, పది యూనిట్లు సరిపోవచ్చు. స్థూలంగా లెక్కేస్తే అలాంటి పిల్లకు ఒక్క యూనిట్ అదనంగా పడితే షుగర్ 150 నుంచి 200 పాయింట్ల దాకా దిగిపోతుంది. అదే యూనిట్ పెద్దవాళ్లలో 40, 50 పాయింట్లకు మించి కదిలించకపోవచ్చు. అందుకే పసివాళ్లకు అర యూనిట్ కూడా లెక్కే. అర యూనిట్ చొప్పున వేయగలిగే పెన్నులు దొరుకుతున్నాయి. స్తోమత ఉంటే డాక్టర్‌ను అడిగి తీసుకోవడం మంచిది.

అంకెల సంగతికి వస్తే, మీటర్‌లో 70 కన్నా తక్కువ వస్తే లో. 54 కన్నా దిగితే తీవ్రంగా తీసుకోవాలి, మెదడుకు అందే చక్కెర తగ్గిపోతున్నట్టు లెక్క. పిల్లవాడు ఫిట్స్‌లోకి, స్పృహ లేని స్థితిలోకి వెళ్తే అంకెతో పనిలేదు, అది అత్యవసరం. లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో కొడుకు ఇంటికి వెళ్లిన నానమ్మలకు ఒక మాట: అక్కడి మీటర్లు వేరే కొలమానంలో చూపిస్తాయి. మనవడి మీటర్‌లో 5 అని కనిపిస్తే కంగారు పడకండి, దాన్ని 18తో గుణిస్తే 90. అక్కడ లో అంటే 3.9 కన్నా తక్కువ.

అసలు చిక్కు గుర్తుపట్టడంలో ఉంది. పదేళ్ల పిల్ల "అమ్మా, ఒళ్లు వణుకుతోంది" అని చెప్పగలదు. రెండు మూడేళ్లవాడు చెప్పలేడు. వాడి లో ఎక్కువగా ప్రవర్తనలోనే బయటపడుతుంది. ఉన్నట్టుండి పేచీ మొదలవుతుంది. లేదంటే ఆడుకుంటున్నవాడు బొమ్మ వదిలేసి గోడకు ఆనుకుని కూర్చుంటాడు. పిలిస్తే పలకడు, గుడ్లప్పగించి చూస్తాడు. పెదవులు పాలిపోతాయి, మెడ వెనక జుట్టు చెమటతో తడుస్తుంది. నిద్రవేళ కాని వేళ తూగుతాడు, అడుగు తడబడుతుంది. ఇవేవీ లేకుండా కేవలం ఏడుపే ఉండొచ్చు. పేచీ పెట్టని పసివాడెక్కడున్నాడు? కాబట్టి ఏది మామూలు మారామో ఏది లో అన్నది ముఖం చూసి తేల్చడం కన్న తల్లికీ సాధ్యం కాదు. వేలు గుచ్చి చూడాల్సిందే. ఒక్కొక్క పిల్లకు ఒక్కో తీరు గుర్తు ఉంటుంది. కొన్నాళ్లు మీటర్ అంకె పక్కన ఆ వేళ పిల్ల ఎలా ఉందో రెండు ముక్కలు రాసి పెట్టుకుంటే ఆ తీరు పట్టుబడుతుంది.

మాటలు వచ్చిన పిల్లకు మీ ఇంటి మాట ఏదో ఒకటి నేర్పండి. "కాళ్లు ఊగుతున్నాయి" అన్నా సరే, "ఆకలి దెయ్యం వచ్చింది" అన్నా సరే. ఆ మాట అనగానే షుగర్ చూడాలి. తీపి కోసం అబద్ధమాడినా తిట్టొద్దు. చూసి, "బాగానే ఉందమ్మా, చెప్పి మంచి పని చేశావు" అనాలి. ఒకసారి తిట్లు తిన్న పిల్ల నిజంగా లో వచ్చిన రోజు నోరు విప్పకపోవచ్చు.

చూసే ముందు చేయి సబ్బుతో కడిగి తుడవాలి. అరటిపండు తిన్న వేలికి అంటిన జిగురు చాలు, 60 ఉన్న షుగర్‌ను 140గా చూపించడానికి. కడగడానికి నీళ్లు లేకపోతే మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్కతో చూడండి. మీటర్ దగ్గర లేకపోయినా, స్ట్రిప్పులు అయిపోయినా, అనుమానం మాత్రం గట్టిగా ఉంటే చక్కెర ఇచ్చేయడమే. షుగర్ ఎక్కువున్న పిల్లకు పొరపాటున ఒక చెంచా గ్లూకోజ్ పడితే జరిగే నష్టం స్వల్పం. పడిపోతున్న పిల్లకు ఇవ్వకపోతే జరిగే నష్టం స్వల్పం కాదు.

ఎంత ఇవ్వాలి? ఇక్కడే ఎక్కువ ఇళ్లలో లెక్క తప్పుతుంది. పెద్దవాళ్లకు చెప్పే 15 గ్రాముల సూత్రం పసివాళ్లకు పనికిరాదు. పిల్లలకు కిలో బరువుకు 0.3 గ్రాముల గ్లూకోజ్ చాలు. పన్నెండు కిలోల పిల్లకు మూడున్నర గ్రాములు, పదిహేను కిలోలకు నాలుగున్నర, ఇరవై కిలోలకు ఆరు. సిరప్ సీసాతో వచ్చే 5 ఎంఎల్ కొలత చెంచా ఉంటుంది కదా, దాంట్లో గ్లూకోజ్ పొడినో పంచదారనో చదునుగా నింపి వేలితో పైన గీస్తే సుమారు 4 గ్రాములు. అంటే పదమూడు, పద్నాలుగు కిలోల పిల్లకు ఒక్క చెంచా, రెండు మూడు గుక్కల నీళ్లలో కలిపి. అంతే. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ కాస్తే షుగర్‌ను 45 నుంచి 65 పాయింట్ల దాకా లేపుతుంది. పసివాడి ఒంట్లో నెత్తురు ఎంతని! అంకె 54 కన్నా తక్కువుంటే ఎంత ఇవ్వాలో మీ డాక్టర్‌తో ముందే మాట్లాడి రాసి పెట్టుకోండి.

ఇచ్చాక గడియారం చూసుకుని పదిహేను నిమిషాలు ఆగాలి. అతి కష్టమైన పని ఇదే. పిల్ల ఇంకా నీరసంగా ఉంటుంది, చుట్టూ ఉన్నవాళ్లు "ఇంకాస్త పెట్టు, ఇంకాస్త పెట్టు" అంటుంటారు. ఒకరు బిస్కెట్ తెస్తారు, ఒకరు లడ్డూ, ఇంకొకరు గ్లాసెడు జ్యూస్. అన్నీ పోగై రెండు గంటల తర్వాత షుగర్ 350. దాన్ని దించడానికి మళ్లీ ఇన్సులిన్, ఆ ఇన్సులిన్‌తో సాయంత్రం మళ్లీ లో. రోజంతా ఉయ్యాల ఊగినట్టు పైకీ కిందికీ. ఒక్క చెంచా దగ్గర ఆగి, పదిహేను నిమిషాలకు మళ్లీ వేలు గుచ్చి చూసి, అప్పటికీ 70 దాటకపోతే అంతే మోతాదు ఇంకోసారి ఇస్తే ఈ ఊగిసలాట ఉండదు.

ఏది ఇవ్వాలన్నదీ అంతే ముఖ్యం. గ్లూకోజ్ పొడి మేలైనది, నేరుగా రక్తంలో కలుస్తుంది. పంచదార, తేనె, పండ్ల రసం కూడా పనిచేస్తాయి. ఏడాది నిండని బిడ్డకు తేనె మాత్రం వద్దు. జ్యూస్ ప్యాకెట్ అయితే 100 ఎంఎల్‌కు ఎన్ని గ్రాముల చక్కెరో దాని మీదే రాసి ఉంటుంది. చిన్నపిల్లకు చాలాసార్లు 40 ఎంఎల్ లోపే సరిపోతుంది. చాక్లెట్, ఐస్‌క్రీమ్, నేతి మిఠాయిలు, పాలు లో సమయానికి అక్కరకు రావు, వాటిలోని కొవ్వు చక్కెరను త్వరగా అరగనివ్వదు. తాతగారి షుగర్ కోసం ఇంట్లో ఉన్న తీపి బిళ్లలు, డైట్ కూల్‌డ్రింకులు అసలే పనికిరావు, వాటిలో చక్కెర ఉండదు. గాభరాలో ఆ పొరపాటు జరగడానికి ఆస్కారం ఎక్కువ కాబట్టి వాటిని వేరే చోట పెట్టుకోండి. ఇంకో మాట. లో వచ్చినప్పుడల్లా పిల్లకు ఇష్టమైన చాక్లెట్ ఇస్తే, లో అంటే బహుమతి అని దాని బుర్రలో ఉండిపోతుంది. గ్లూకోజ్ నీళ్లు మందులా ఉంటేనే మంచిదని నా అభిప్రాయం.

షుగర్ 70 దాటాక తర్వాతి భోజనానికి ఇంకా చాలా సేపుంటే అర చపాతీయో, ఒక ఇడ్లీయో, కాసిని పాలో ఇవ్వాలి, ముఖ్యంగా నెమ్మదిగా పనిచేసే పాత రకం ఇన్సులిన్ వాడే పిల్లలకు. సరిగ్గా అన్నం వేళకే లో వస్తే ముందు గ్లూకోజ్‌తో లో సరిచేసి, తర్వాత అన్నం పెట్టాలి. "ఎలాగూ లో ఉంది కదా" అని ఆ పూట ఇన్సులిన్ మొత్తం మానేయడం చాలామంది చేసే పని. అన్నం తిన్న రెండు గంటలకు షుగర్ ఆకాశాన్ని అంటుతుంది. తగ్గించాలా, తిన్నాక వేయాలా అన్నది డాక్టర్ చెప్పిన ప్రకారం చేయాలి గానీ, పూర్తిగా మానకూడదు.

ఫిట్స్ వస్తే, స్పృహ లేకుంటే నోట్లో నీళ్లూ, పాలూ, గ్లూకోజ్ ద్రవమూ పోయొద్దు. గొంతు అడ్డం పడుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పళ్ల మధ్య చెంచా దూర్చకూడదు. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం మన ఊళ్లలో అలవాటే. వాటితో షుగర్ పెరగదు, విలువైన నిమిషాలు పోతాయి. గ్లూకగాన్ అనే ఇంజెక్షన్ ఉంది. కాలేయంలో దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదిలిస్తుంది. పొడిని దాని ద్రవంలో కలిపి తొడ కండలోకి ఇవ్వాలి: 25 కిలోల లోపు పిల్లలకు అర మిల్లీగ్రాము, ఆపైన ఒక మిల్లీగ్రాము. పది, పదిహేను నిమిషాల్లో పిల్ల తెప్పరిల్లుతుంది. వాంతి కావచ్చు, అందుకే పక్కకు తిప్పి ఉంచడం. అమెరికాలో దీన్ని ముక్కులోకి కొట్టే రూపంలో ఏడాది నిండిన పిల్లలకు ఇస్తున్నారు. అక్కడున్న తెలుగు కుటుంబాలకు ఇది తెలిసే ఉంటుంది. మన దగ్గర ఇంజెక్షన్ ఖరీదైనది, ప్రతి మందుల షాపులోనూ దొరకదు. దొరికితే ఫ్రిజ్‌లో ఒకటి ఉంచుకోండి, గడువు తేదీ చూసుకుంటూ ఉండండి. లేకపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి "షుగర్ పిల్ల, లో అయి స్పృహ లేదు" అని మొదటి మాటగా చెప్పండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తండి. అక్కడ నరంలోకి డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తారు. ఆసుపత్రి దూరమైన పల్లెల్లో, తడిపిన పంచదార ముద్దను కొద్దిగా బుగ్గ లోపల రుద్దమని కొందరు డాక్టర్లు చెబుతారు. మీ ఊరికి ఆసుపత్రి ఎంత దూరమో చెప్పి, ఏం చేయాలో మీ డాక్టర్‌ను ముందుగానే అడిగి ఉంచుకోండి.

ఇదంతా లో వచ్చినప్పటి సంగతి. నా దృష్టిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఆ తర్వాత, ఎందుకొచ్చింది అని వెతకడంలో.

మొదట చూడాల్సింది సిరంజి. మన దేశంలో ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది. చాలా సీసాల్లో ఎంఎల్‌కు 40 యూనిట్లు, పెన్ను కార్ట్రిడ్జుల్లో 100 యూనిట్లు. 40 రకానికి ఎర్ర మూత సిరంజి, 100 రకానికి నారింజ మూత సిరంజి. పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో నాలుగు గీతలు లాగారనుకోండి. అది నాలుగు యూనిట్లు కాదు, పది. రెండున్నర రెట్లు. పసిపిల్లకు ప్రాణాంతకం కాగల పొరపాటు ఇది, పైకి ఏ తేడా కనిపించదు. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. షాపువాడు సిరంజి మార్చి ఇచ్చిన ప్రతిసారీ చూసుకోవాలి.

తర్వాత సూది గుచ్చే చోటు. రోజూ ఒకే చోట గుచ్చితే అక్కడ చర్మం కింద గడ్డలా మెత్తగా ఉబ్బుతుంది. అక్కడ నొప్పి తక్కువ కాబట్టి పిల్ల అక్కడే వేయమంటుంది. ఆ గడ్డలోంచి ఇన్సులిన్ సరిగా రక్తంలోకి ఎక్కదు, మోతాదు పెంచుతూ పోతారు. ఒకరోజు మంచి చోట గుచ్చితే ఆ పెరిగిన మోతాదంతా చకచకా ఎక్కి షుగర్ దబ్బున పడిపోతుంది. వేడి కూడా ఇలాంటిదే చేస్తుంది. ఇన్సులిన్ వేసిన వెంటనే వేడినీళ్ల స్నానం చేయించినా, మే నెల ఎండలో ఆడనిచ్చినా చర్మం కింద నెత్తురు ప్రవాహం పెరిగి ఇన్సులిన్ తొందరగా ఎక్కుతుంది.

ఆట గురించి వేరే చెప్పాలి. పరుగెత్తే కండరాలు చక్కెరను వాడేసుకుంటాయి, అది అందరికీ అర్థమయ్యేదే. ఆడి వచ్చి పడుకున్నాక కూడా, ఖాళీ అయిన నిల్వలను నింపుకోవడానికి కండరాలు రాత్రంతా, ఒక్కోసారి 24 గంటల దాకా, రక్తంలోంచి చక్కెర లాగుతూనే ఉంటాయి. పెళ్లింట్లో తోటి పిల్లలతో రోజంతా గెంతిన పిల్లకు ఆ రాత్రి రెండు, మూడు గంటలకు లో రావడం ఇందుకే. అలాంటి రోజు పడుకునేముందు షుగర్ చూసి, కాస్త తిండి పెట్టి, రాత్రి ఇన్సులిన్ తగ్గించాలేమో డాక్టర్‌ను అడిగి, రెండు మూడు గంటల వేళ లేచి చూడాలి. ఆటే మాన్పించాలనుకోవడం మాత్రం తప్పు. ఆ పిల్లకూ ఆడుకునే హక్కు ఉంది.

ఇన్సులిన్ రకం కూడా లెక్కలోకి వస్తుంది. త్వరగా పనిచేసేదీ నెమ్మదిగా పనిచేసేదీ కలిపిన మిక్స్ రకాలు, రాత్రి వేసే నెమ్మది రకాలు చవక, చాలామందికి దొరికేవి అవే. సాయంత్రం ఏడు, ఎనిమిదికి వేసిన నెమ్మది రకం అర్ధరాత్రి దాటాక గట్టిగా పనిచేస్తుంది, సరిగ్గా అప్పుడు ఇల్లంతా నిద్రలో ఉంటుంది. మిక్స్‌లో ఒక భాగాన్ని మాత్రమే తగ్గించే వీలుండదు. అన్నానికి అరగంట ముందు వేయాల్సిన పాత రకం, తింటాడో తినడో తెలియని రెండేళ్లవాడికి నప్పదు. త్వరగా పనిచేసే కొత్త రకాలనూ తినే ముందు వేయడమే పద్ధతి. అయితే తిండి నిలకడలేని పసివాళ్లకు కొంత ముందు, కొంత తిన్నాక, లేదా తినగానే వేసేందుకు డాక్టర్లు ఒప్పుకుంటారు. మొదట చెప్పిన ఇడ్లీ పాపకు ఈ మార్పు ఒక్కటే చాలా లోలను తప్పించవచ్చు. వేసేశాక తినకపోతే ఆ ఇడ్లీ కోసమే కుస్తీ పట్టక్కర్లేదు. అరటిపండు, పాలు, అటుకులు, పిల్ల ఏది తింటానంటే అది పెట్టి, అరగంటకోసారి షుగర్ చూస్తూ ఉండాలి. వాంతులు, విరేచనాలప్పుడూ అంతే. ఇన్సులిన్ పూర్తిగా ఆపకుండా, గుక్కగుక్కగా ఓఆర్ఎస్ పడుతూ వెంటనే డాక్టర్‌తో మాట్లాడాలి.

చేతికి అతికించే సెన్సర్లు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి. నిద్రలో షుగర్ పడిపోతుంటే అలారం మోగడం పెద్ద వరం. కానీ సెన్సర్ చూసేది రక్తంలోని చక్కెరను కాదు, చర్మం కింది ద్రవంలోని చక్కెరను. షుగర్ వేగంగా దిగేటప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. సెన్సర్ ఉన్న చేయి కింద పెట్టుకుని పిల్ల పడుకుంటే లేని లో చూపిస్తుంది. పిల్ల తీరుకూ అంకెకూ పొసగనప్పుడు వేలు గుచ్చి చూడటమే నమ్మకం.

మాటిమాటికీ లో వస్తుంటే ఒంటికి అదే అలవాటై చెమట, వణుకు లాంటి ముందస్తు గుర్తులు మొద్దుబారతాయి. రెండు మూడు వారాలు లో రాకుండా జాగ్రత్తపడితే ఆ గుర్తులు చాలావరకు తిరిగి వస్తాయి. మెదడు దెబ్బతింటుందా అని ప్రతి తల్లీ అడుగుతుంది. వెంటనే సరిచేసిన చిన్న చిన్న లోలతో భయం లేదు. ఐదేళ్ల లోపు పదే పదే ఫిట్స్ దాకా వెళ్లే తీవ్రమైన లోలు మాత్రం రాకూడనివి. అలాగే నెలల తరబడి ఎక్కువగా ఉండే షుగర్ కూడా ఎదిగే మెదడుకు మంచిది కాదు. 250 దగ్గర నిశ్చింతగా పడుకునే తల్లికి ఎవరో ఒకరు నెమ్మదిగా చెప్పాల్సిన విషయం ఇది, ఆమె పక్కన కూర్చుని రెండు రాత్రులు షుగర్ చూసిపెడుతూ చెబితే ఇంకా మంచిది.

ఎందుకంటే చాలా ఇళ్లలో ఇదంతా ఒక్క తల్లి తలలోనే ఉంటుంది. ఆమె స్నానానికి వెళ్లినప్పుడో, ఊరెళ్లినప్పుడో లో వస్తే మిగతావాళ్లకు చేయి ఆడదు. నానమ్మకు, బాబాయికి, స్కూల్లో ఆయమ్మకు గ్లూకోజ్ చెంచా ఒకసారి వాళ్ల చేతే కలిపించి చూపించండి. పిల్ల బరువుకు సరిపడా గ్లూకోజ్ పొడిని చిన్న పొట్లాలు కట్టి, ఒకటి బడి సంచిలో, ఒకటి టీచరమ్మ బల్లలో, ఒకటి బండి డిక్కీలో ఉంచండి. పొట్లం మీద తెలుగులో "చెమట, పేచీ, మగత ఉంటే ఇది నీళ్లలో కలిపి తాగించండి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి" అని రాసి, కింద మీ ఫోన్ నంబర్ వేయండి. లో అయిన పిల్లను ఒంటరిగా టాయిలెట్‌కో, ఆఫీసు గదికో పంపకూడదని టీచర్లకు ప్రత్యేకంగా చెప్పండి. పరీక్ష హాల్లోకి టైప్ 1 పిల్లలు గ్లూకోజ్ బిళ్లలు, పండ్లు తీసుకెళ్లేందుకు సీబీఎస్ఈ 2017లోనే అనుమతించింది. ఎల్‌కేజీ పిల్ల సంచిలో పొట్లం వద్దనే బడి ఉంటే ఆ సంగతి గుర్తుచేయండి.

ఎంత వెతికినా కారణం దొరకకుండా వారం రోజుల్లో ఒకే వేళకు రెండు మూడుసార్లు లో వస్తే, ఆ వేళకు పనిచేసే ఇన్సులిన్ ఎక్కువైందని అనుకుని డాక్టర్‌కు ఫోన్ చేయాలి, నెలవారీ చూపు దాకా ఆగకూడదు. మోతాదు తగ్గించినా లోలు ఆగకపోతే వేరే జబ్బు ఏదైనా తోడైందేమో చూడాలి. టైప్ 1 పిల్లల్లో థైరాయిడ్ మందగించడం, గోధుమ పడని సీలియాక్ జబ్బు మిగతా పిల్లల కన్నా ఎక్కువ. అరుదుగా అడ్రినల్ గ్రంథి దెబ్బతినడమూ ఉంటుంది. సీలియాక్‌లో తిన్నది ఒంటికి సరిగా పట్టదు, అడ్రినల్ దెబ్బతింటే పడిపోయే షుగర్‌ను నిలబెట్టే హార్మోన్ తగ్గిపోతుంది. బరువు పెరగకపోవడం, తరచూ కడుపునొప్పి, ఒళ్లు నల్లబడటం, తీరని నీరసం కనిపిస్తే అవి కూడా మీటర్ పుస్తకంలో తేదీతో రాసి చూపించండి. ఈ జబ్బులన్నీ రక్తపరీక్షలతో మొదట అనుమానించగలిగేవే.